తొలి డెస్క్‌టాప్ ప్రోగ్రాముకి ఏ టూల్? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నల్ల తెర మీద అక్షరాలు ముద్రించే దశ దాటి, బటన్లూ పెట్టెలూ ఉన్న ప్రోగ్రాము రాయాలనుకునేవాళ్లు తమ సందేహాలు పంపమని అడిగాం. వచ్చినవాటిలో ఎక్కువ భాగం బెంగళూరులో ఉంటున్న మన పాఠకులవే. ఒకే సంగతి పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: పైథాన్‌లో లూపులు, ఫంక్షన్లు, ఫైళ్లు వచ్చు. క్లాసులు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్నాయి. విండో ఉన్న ప్రోగ్రాము రాయాలంటే ఒకరు టికింటర్ అంటారు, ఇంకొకరు అది పాతది పైక్యూటీ పట్టుకో అంటారు, రూమ్మేటేమో ఎలక్ట్రాన్, ఫ్లట్టర్ అంటోంది. నాది నాలుగు జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్. దేనితో మొదలుపెట్టమంటారు?
– ఎంసీఏ విద్యార్థిని, మారతహళ్ళి

జవాబు: మీకు వచ్చింది పైథాన్. ఎలక్ట్రాన్‌కి జావాస్క్రిప్ట్ కావాలి, ఫ్లట్టర్‌కి డార్ట్ కావాలి. కొత్త భాష, కొత్త పద్ధతి రెండూ ఒకేసారి నెత్తిన పెట్టుకుంటే ఏది అర్థం కాలేదో కూడా అర్థం కాదు. కాబట్టి ఆ రెంటినీ ప్రస్తుతానికి రూమ్మేట్‌కే వదిలెయ్యండి.

ముందు టికింటర్, అంటే పైథాన్‌లో విండోలు గీసే లైబ్రరీ. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేసినప్పుడే అదీ వచ్చేస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టి, స్పేస్, మైనస్ ఎం, స్పేస్, టికింటర్ అని చిన్నక్షరాలతో కొట్టి చూడండి. రెండు బటన్లున్న చిన్న విండో వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. ఉబుంటులో "నో మాడ్యూల్" అని ఎర్రర్ వస్తే పైథాన్ ప్యాకేజీలు దించే పిప్ జోలికి పోవద్దు, అది పిప్‌లో దొరికేది కాదు. పైథాన్3-టీకే అనే ప్యాకేజీని ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఆప్ట్‌తో వేసుకోవాలి. ఇంకో సంగతి, మీ ఫైలుకి టికింటర్ అని పేరు పెట్టకండి. పైథాన్ అసలు మాడ్యూల్‌ని వదిలి మీ ఫైలునే లోపలికి లాక్కుని అర్థం కాని ఎర్రర్లు కక్కుతుంది. కొత్తవాళ్లలో సగంమంది మొదటిరోజే ఇందులో పడతారు.

"పాతది" అన్న మాట నిజమే. దాని అడుగున ఉన్న టీకే 1990ల మొదట్లో జాన్ ఔస్టర్‌హౌట్ చేసింది. అయితే బటన్ నొక్కితే ఏ ఫంక్షన్ నడవాలి, పెట్టెలో ఉన్న మాటని ఎలా చదవాలి, విండో పెద్దదైతే ఏది సాగాలి అన్న పాఠాలు అన్ని టూల్స్‌లోనూ ఒకటే. ఇక్కడ అవి తక్కువ లైన్లలో వస్తాయి. రూపం మరీ మోటుగా ఉందనిపిస్తే మామూలు విడ్జెట్ల (బటన్లు, పెట్టెల్లాంటివి) బదులు టీటీకే విడ్జెట్లు వాడండి, చాలావరకు సర్దుకుంటుంది.

మొదటి ప్రాజెక్టుగా మీ పీజీలో అందరూ కలిసి పెట్టే ఖర్చుల లెక్క రాయండి. పేరు, మొత్తం, తేదీ, కింద ఒక జాబితా, చివర ఎవరు ఎవరికెంత ఇవ్వాలో. ఇది రాస్తుంటే మూడు చోట్ల తప్పకుండా దెబ్బ తింటారు. ఒకటి, బటన్‌కి కమాండ్ ఇచ్చేటప్పుడు ఫంక్షన్ పేరు వెనక బ్రాకెట్లు పెట్టేస్తారు. దాంతో ప్రోగ్రాము తెరుచుకోగానే ఆ ఫంక్షన్ ఒకసారి నడిచిపోయి, ఆ తర్వాత బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు. పేరు మాత్రమే ఇవ్వాలి. రెండోది, విడ్జెట్లని అమర్చేటప్పుడు ఒకే ఫ్రేములో కొన్నింటికి ప్యాక్ పద్ధతి, కొన్నింటికి గ్రిడ్ పద్ధతి వాడటం. టికింటర్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. ఫారాలకి గ్రిడ్ ఒక్కటే పట్టుకోండి. అది కూడా వరుసకీ నిలువుకీ వెయిట్ ఇస్తేనే విండోతోపాటు సాగుతుంది, లేకపోతే అన్నీ ఎడమ మూలన ముడుచుకుని కూర్చుంటాయి. మూడోది బొమ్మలు. ఫంక్షన్ లోపల బొమ్మ తెరిచి లేబుల్‌కి తగిలిస్తే, ఫంక్షన్ అయిపోగానే పైథాన్ ఆ బొమ్మని చెత్త కింద ఊడ్చేస్తుంది, ఖాళీ చోటు మిగులుతుంది. బొమ్మని లేబుల్‌కి ఒక యాట్రిబ్యూట్‌గా దాచుకోవాలి.

ఈ ప్రాజెక్టు పూర్తయ్యాక పైసైడ్ 6కి వెళ్లండి. మీరు విన్న పైక్యూటీ లాంటిదే ఇది, తేడా కింద ఇంకో జవాబులో చెప్పాం. మొత్తం ప్యాకేజీ వందల ఎంబీలు ఉంటుంది. పీజీ వైఫైతో అంత దించుకోనక్కర్లేదు, పైసైడ్6-ఎసెన్షియల్స్ అన్న చిన్న ప్యాకేజీ మీకు చాలు. అందులోని డిజైనర్‌తో ఫారం గీసుకోవచ్చు. విడ్జెట్లు ఇష్టమొచ్చినచోట పడేసి లేఅవుట్ పెట్టడం మరిచిపోతే మాత్రం విండో పెద్దది చేసినా లోపలివి కదలవు. ఫారం ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి గ్రిడ్ లేఅవుట్ ఎంచుకోవాలి. డిజైనర్ దాచిన యూఐ ఫైలు నుంచి తయారైన పైథాన్ ఫైల్లో చేతులు పెట్టకండి. డిజైన్ మార్చి మళ్లీ తయారుచేస్తే మీరు రాసిందంతా కొట్టుకుపోతుంది. మీ కోడ్ వేరే ఫైల్లో ఉండాలి.

ల్యాప్‌టాప్ గురించి: నాలుగు జీబీలో టికింటరూ నడుస్తుంది, పైసైడూ నడుస్తుంది. ఊపిరి ఆడనివ్వనివి క్రోమ్‌లో తెరిచిన ఇరవై ట్యాబులూ, పక్కన వీఎస్ కోడూ. ఎడిటర్‌గా థానీ పెట్టుకోండి. ఎస్టోనియాలోని టార్టు యూనివర్సిటీలో కొత్తవాళ్ల కోసమే తయారైంది, తేలిక. డబ్బు పెట్టగలిగితే ఎస్పీ రోడ్డులో ఇంకో నాలుగు జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేయించుకోండి. మీ మోడల్‌లో రెండో ర్యామ్ స్లాట్ ఉందో లేదో, అది డీడీఆర్3నో 4నో ముందే చూసుకుని వెళ్లండి.

ప్రశ్న: చిక్కపేటలో మా బాబాయి బట్టల షాపు. బిల్లింగ్ ప్రోగ్రాము నేనే రాసిస్తానని మాటిచ్చాను. షాపులో ఒకే కంప్యూటర్, విండోస్ 10. బార్‌కోడ్ స్కానర్, రసీదు ప్రింటర్ ఉన్నాయి. కాలేజీలో సీ షార్ప్ చెప్పారు, పైథాన్ కొంచెం వచ్చు. స్నేహితులు విండోస్ ఫార్మ్స్ ఎప్పుడో చచ్చిపోయింది అంటున్నారు. ఏం చెయ్యాలి?
– బీఈ విద్యార్థి, రాజాజీనగర్

జవాబు: విండోస్ ఫార్మ్స్ చావలేదు. 2002లో సీ షార్ప్ నడిచే వేదిక డాట్‌నెట్‌తోపాటు వచ్చింది, 2018 చివర్లో మైక్రోసాఫ్ట్ దాని సోర్సు బయటపెట్టింది, కొత్త డాట్‌నెట్ వెర్షన్లలోనూ ఉంది. విండోస్ మీద తప్ప నడవదన్నది దాని పెద్ద లోపం. మీ షాపులో ఉన్నది విండోసే కాబట్టి అది మీకు లోపమే కాదు. సీ షార్ప్ వచ్చినవాళ్లకి, ఒకే విండోస్ మిషన్ ఉన్న షాపుకి, ప్రింటర్ ఉన్న పనికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. సిగ్గుపడక్కర్లేదు.

విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఉచితం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డాట్‌నెట్ డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ ఒక్కటే టిక్ చేయండి, అన్నీ టిక్ చేస్తే డిస్క్ నిండుతుంది. కొత్త ప్రాజెక్టు తెరిస్తే విండోస్ ఫార్మ్స్ పేరుతో రెండు కనిపిస్తాయి. ఒకటి కొత్త డాట్‌నెట్‌ది, ఇంకొకటి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌ది. ఫ్రేమ్‌వర్క్ 4.8 అయితే 2019 మే తర్వాతి విండోస్ 10లో ముందే ఉంటుంది, ఎక్స్ఈ కాపీ చేస్తే నడుస్తుంది. కొత్తదాంట్లో రాస్తే షాపు మిషన్‌లో రన్‌టైమ్ (ప్రోగ్రాము నడవడానికి కావలసిన డాట్‌నెట్ భాగం) వేయాలి, లేదా పబ్లిష్ చేసేటప్పుడు సెల్ఫ్-కంటెయిన్డ్ ఎంచుకుని అన్నీ కలిపి ఇవ్వాలి. కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి కొత్త డాట్‌నెట్‌లో రాసి సెల్ఫ్-కంటెయిన్డ్‌గా ఇవ్వడమే మేలు, సైజు పెరిగినా సరే.

స్కానర్ అంటే భయపడకండి. కంప్యూటర్ దృష్టిలో అది ఇంకో కీబోర్డు. అంకెలు టైపు చేసి చివర ఎంటర్ కొడుతుంది, అంతే. డ్రైవరు, లైబ్రరీ ఏమీ అక్కర్లేదు. కర్సర్ బార్‌కోడ్ పెట్టెలో ఉంటే చాలు. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఫారానికి యాక్సెప్ట్ బటన్‌గా "బిల్లు సేవ్" పెట్టారనుకోండి, స్కానర్ కొట్టిన ఎంటర్ ఆ బటన్ మీద పడుతుంది. మొదటి చీర స్కాన్ చేయగానే బిల్లు మూసుకుపోతుంది. యాక్సెప్ట్ బటన్ ఖాళీగా ఉంచి, బార్‌కోడ్ పెట్టెలో ఎంటర్ పడినప్పుడు వస్తువు చేర్చి, పెట్టె ఖాళీ చేసి, కర్సర్ మళ్లీ అక్కడే పెట్టండి. బార్‌కోడ్‌ని డేటాబేస్‌లో అంకెగా కాక అక్షరాలుగా దాచాలి. మొదట్లో సున్నా ఉన్న కోడ్లని అంకెగా దాస్తే ఆ సున్నా మాయమై, ఆ వస్తువు ఇక దొరకదు.

డబ్బుకి ఫ్లోట్, డబుల్ వాడొద్దు. 0.1కి 0.2 కలిపితే అవి సరిగ్గా 0.3 ఇవ్వవు, నెలాఖరు లెక్కలో పైసలు తేలవు. సీ షార్ప్‌లో డెసిమల్ టైపు ఉంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దశాంశాల కోసం విడిగా టైపు లేదు కాబట్టి అక్కడ పైసలుగా, పూర్ణాంకంగా దాచండి.

జీఎస్టీ రేటుని కోడ్‌లో రాసేయకండి. వస్తువుల పట్టికలోనూ ఉండాలి, అమ్మిన రోజు రేటు ఆ బిల్లు వరుసలోనూ విడిగా కాపీ అవ్వాలి. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారినప్పుడు, పాత బిల్లు మళ్లీ తీస్తే కొత్త రేటుతో అచ్చు వేసిన ప్రోగ్రాములు ఈ పొరపాటు ఉన్నవే. బట్టల మీద రేటు ధరని బట్టి కూడా మారుతుంది, అది బాబాయిగారి ఆడిటర్‌ని అడిగి రాసుకోండి, ఊహించి రాయొద్దు.

రసీదు ప్రింటర్ 58 మిల్లీమీటర్లదైతే మామూలు ఫాంట్‌లో వరుసకి 32 అక్షరాలు, 80దైతే 48. ప్రింటర్ లోపలుండే ఫాంట్లలో తెలుగూ కన్నడా సాధారణంగా ఉండవు. షాపు పేరు కన్నడలో రావాలంటే విండోస్ డ్రైవరు ద్వారా, ప్రింట్ డాక్యుమెంట్‌తో గీయాలి. అప్పుడది బొమ్మలా వెళుతుంది కాబట్టి అక్షరాలు సరిగ్గా పడతాయి.

చివరిగా, డేటాబేస్ ఫైలుని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టకండి. అక్కడ మామూలు యూజర్‌కి రాసే హక్కు ఉండదు, మీ దగ్గర బాగా నడిచింది షాపులో సేవ్ అవ్వదు. యాప్‌డేటాలో గానీ ప్రోగ్రామ్‌డేటాలో గానీ మీ ఫోల్డర్ చేసుకోండి. రోజూ షాపు మూసేటప్పుడు ఆ ఫైలు తేదీ పేరుతో పెన్‌డ్రైవ్‌కి కాపీ అయ్యే బటన్ ఒకటి పెట్టండి. బాబాయిగారు మిగతావన్నీ క్షమిస్తారు గానీ, పోయిన ఉద్దర లెక్కల్ని క్షమించరు.

ప్రశ్న: పైక్యూటీ, పైసైడ్ రెండూ ఒకలాగే ఉన్నాయి. తేడా ఏమిటి?
– హెబ్బాళ

జవాబు: రెండూ క్యూటీ అనే విండోల లైబ్రరీ మీదే నిలబడ్డాయి, కోడ్ కూడా తొంభై పాళ్లు ఒకటే. తేడా లైసెన్సులో ఉంది. పైక్యూటీ 6 జీపీఎల్‌లో గానీ, డబ్బిచ్చి కొనే కమర్షియల్ లైసెన్సులో గానీ దొరుకుతుంది. జీపీఎల్ కింద వాడి ప్రోగ్రాముని ఎవరికైనా ఇస్తే, వాళ్లకి సోర్సు కూడా అదే షరతుల మీద ఇవ్వాలి. పైసైడ్ 6 క్యూటీ కంపెనీదే, ఎల్‌జీపీఎల్‌లో వస్తుంది. మీ కోడ్ మూసే ఉంచుకోవచ్చు, ఎల్‌జీపీఎల్ నియమాలు పాటిస్తే చాలు. ముందుముందు అమ్ముకునే ఆలోచన ఏ కొంచెం ఉన్నా పైసైడ్ పట్టుకోండి. నెట్‌లో పైక్యూటీ పాఠాలు చూసి రాస్తున్నప్పుడు పైక్యూటీసిగ్నల్ అని ఉన్నచోట సిగ్నల్ అని, పైక్యూటీస్లాట్ అని ఉన్నచోట స్లాట్ అని మార్చుకుంటే దాదాపు సరిపోతుంది.

ప్రశ్న: టికింటర్‌లో ఒక బటన్ నొక్కితే నెట్ నుంచి వంద ఫైళ్లు దిగేలా రాశాను. నొక్కగానే విండో తెల్లబారి పైన "నాట్ రెస్పాండింగ్" అని వస్తుంది. పని మాత్రం చివరికి పూర్తవుతుంది. మధ్యలో "ఎన్ని అయ్యాయి" అన్న లేబుల్ కూడా మారదు. టూల్ మార్చాలా?
– కేఆర్ పురం

జవాబు: ఏ టూల్‌కి మారినా ఇదే జరుగుతుంది. విండో ఉన్న ప్రతి ప్రోగ్రాములోనూ ఒక లూప్ తిరుగుతూ ఉంటుంది. టికింటర్‌లో దాని పేరు మెయిన్‌లూప్. మౌస్ కదిలిందా, కీ నొక్కారా, తెర మళ్లీ గీయాలా అని ఒక్కొక్కటే తీసుకుని పని చేస్తుంది. మీ బటన్ ఫంక్షన్ నడుస్తున్నంతసేపూ అది వేరే ఏదీ చూడలేదు. దర్శిని హోటల్లో టోకెన్ ఇచ్చే మనిషే దోసె వెయ్యడానికి లోపలికి వెళితే కౌంటర్ ముందు క్యూ నిలిచిపోదూ, అదే ఇది. ఐదు సెకన్లపాటు విండో ఏ కబురుకీ పలకకపోతే విండోస్ దాన్ని నాట్ రెస్పాండింగ్ అని ప్రకటిస్తుంది. లేబుల్ మారకపోవడానికీ ఇదే కారణం. మాట మార్చారు, కానీ దాన్ని తెర మీద గీసే అవకాశం లూప్‌కి దొరకలేదు.

కొంతసేపు ఆగి చేయాల్సిన పనికి టైమ్ స్లీప్ వాడకుండా ఆఫ్టర్ వాడాలి. ఆఫ్టర్‌కి వెయ్యి అని, ఫంక్షన్ పేరు అని ఇస్తే వెయ్యి మిల్లీసెకన్ల తర్వాత పిలుస్తుంది, మధ్యలో విండో స్వేచ్ఛగా ఉంటుంది. ఇక్కడా పేరు వెనక బ్రాకెట్లు వద్దు.

మీది డౌన్‌లోడ్ కాబట్టి దాన్ని థ్రెడ్‌లోకి, అంటే మెయిన్‌లూప్‌కి పక్కన విడిగా నడిచే దారిలోకి పంపాలి. ఆ థ్రెడ్ మాత్రం లేబుల్‌నీ, ప్రోగ్రెస్ బార్‌నీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఒకసారి నడుస్తుంది, ఒకసారి క్రాష్ అవుతుంది, ఎప్పుడు ఏది జరుగుతుందో చెప్పలేం. పైథాన్‌లోని క్యూ ఒకటి తెరవండి. థ్రెడ్ ఒక్కో ఫైలు దిగినప్పుడల్లా ఆ అంకెని క్యూలో వేస్తుంది. మెయిన్ వైపు ఒక చిన్న ఫంక్షన్ క్యూలో ఉన్నదంతా తీసి, లేబుల్ మార్చి, వంద మిల్లీసెకన్ల తర్వాత తనని తానే మళ్లీ ఆఫ్టర్‌తో పిలిపించుకుంటుంది. క్యూ నుంచి తీసేటప్పుడు గెట్-నోవెయిట్ వాడాలి. మామూలు గెట్ వాడితే ఖాళీ క్యూ దగ్గర ఎదురుచూస్తూ మళ్లీ విండోనే బిగుసుకుపోతుంది. థ్రెడ్‌ని డీమన్‌గా పెట్టండి, లేకపోతే విండో మూసినా ప్రోగ్రాము వెనక నడుస్తూనే ఉంటుంది. ప్రతి డౌన్‌లోడ్‌కీ టైమౌట్ ఇవ్వండి. పని నడుస్తున్నంతసేపూ ఆ బటన్‌ని డిజేబుల్ చేయండి, జనం రెండోసారి నొక్కుతారు.

లూపు మధ్యలో తెరని అప్పటికప్పుడు గీయించే అప్‌డేట్ ఫంక్షన్ పిలిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. తెర కదులుతుంది నిజమే, కానీ అప్‌డేట్ లోపలే బటన్ మళ్లీ నొక్కితే అదే ఫంక్షన్ తన మధ్యలో తానే రెండోసారి మొదలవుతుంది. పైసైడ్‌లో ఈ కథంతా తేలిక. థ్రెడ్ నుంచి సిగ్నల్ పంపితే మెయిన్ వైపు స్లాట్ (ఆ సిగ్నల్‌కి తగిలించిన ఫంక్షన్) దానంతటదే నడుస్తుంది, క్యూ రాసుకోనక్కర్లేదు.

ప్రశ్న: పిల్లలకి తెలుగు పదాలు నేర్పే చిన్న ఆట రాశాను. విండోస్‌లో బాగానే ఉంది. మా స్కూలు ల్యాబ్‌లో అన్నీ ఉబుంటు మిషన్లు. అక్కడ వత్తులన్నీ విడిపోయి, హలంతులతో కనిపిస్తున్నాయి. ఫాంట్ మార్చినా అంతే.
– ఉపాధ్యాయిని, యలహంక

జవాబు: ఫాంట్ తప్పు కాదండీ. తెలుగులో వరుసగా ఉన్న కోడ్లని చూసి, వాటిని కలిపి ఏ ఆకారం గీయాలో తేల్చే పనిని షేపింగ్ అంటారు. విండోస్‌లో ఆ పని విండోసే చేస్తుంది, అందుకే అక్కడ టికింటర్ పరువు నిలబడింది. లినక్స్‌లో టీకే వాడే ఎక్స్ఎఫ్‌టీ లైబ్రరీ షేపింగ్ చేయదు. ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ పెట్టుకుంటూ పోతుంది. కన్నడకీ ఇదే గతి, కాబట్టి ల్యాబ్‌లో రెండు భాషల్లో పెట్టినా లాభం లేదు.

క్యూటీ, జీటీకే రెండూ హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజన్ వాడతాయి, వాటిలో తెలుగు చక్కగా వస్తుంది. మీ ఆటలో విండో గీసే భాగాన్ని పైసైడ్ 6కి మార్చండి. పదాల జాబితా, మార్కుల లెక్క అలాగే ఉంచుకోవచ్చు. ల్యాబ్ మిషన్లలో నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఉందో లేదో చూసుకోండి. ఉబుంటు 23.04 నుంచి పిప్‌తో నేరుగా వేయబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని అడ్డుపడుతుంది, వీఈఎన్‌వీతో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుని అందులో వేయాలి.

పదాల ఆట అన్నారు కాబట్టి ఇంకో సంగతి. "స్త్రీ" మనకి ఒక అక్షరం. పైథాన్‌లో పొడవు చెప్పే లెన్‌ని అడిగితే ఆరు అంటుంది: స, విరామం (పొల్లు గుర్తు), త, విరామం, ర, ఈత్వం. పదాన్ని అక్షరాలుగా విడగొట్టి పిల్లలచేత సర్దించే ఆట అయితే లిస్ట్ చేసి విడగొట్టకండి, గుణింతాలూ వత్తులూ వేరు వేరు బటన్ల మీద తేలతాయి. పిప్‌లో దొరికే రెజెక్స్ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ గుర్తు గుణింతాలని కలిపి ఇస్తుంది. వత్తుల విషయంలో వెర్షన్ని బట్టి తేడా వస్తుంది. కాబట్టి ఒక ముక్క విరామంతో ముగిస్తే తర్వాతి ముక్కని దానికి అతికించే నాలుగు లైన్లు మీరే రాసుకోండి. పొల్లుతో ముగిసే పదాలకి ఆ తర్వాత ముక్క ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు.

ప్రశ్న: అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఒకప్పుడు విజువల్ బేసిక్ 6లో ఆఫీసుకి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఫారం మీద బటన్ పెట్టి, డబుల్ క్లిక్ చేసి కోడ్ రాసే ఆ పద్ధతి ఇప్పుడు ఎక్కడైనా ఉందా?
– జయనగర్ 4వ బ్లాక్

జవాబు: ఉందండీ, రెండు చోట్ల. 1998 నాటి వీబీ 6 ఎడిటర్‌కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008 ఏప్రిల్‌లోనే ఆగింది, మళ్లీ దాని జోలికి వెళ్లకండి. విజువల్ స్టూడియోలో విజువల్ బేసిక్‌తో విండోస్ ఫార్మ్స్ ప్రాజెక్టు ఇప్పటికీ తెరవొచ్చు. 2020లో మైక్రోసాఫ్ట్ ఆ భాషని ఇక పెంచబోమని చెప్పింది గానీ తీసెయ్యలేదు. మీ పాత కోడ్ మాత్రం ఉన్నదున్నట్టు ఎక్కదు, డిఫాల్ట్ ప్రాపర్టీలు, వేరియంట్ లాంటి చోట్ల మార్చుకోవాల్సి వస్తుంది.

మాకు మాత్రం మీ విషయంలో లాజరస్ నచ్చుతుంది. ఫ్రీ పాస్కల్ భాష, ఉచితం, తేలికైన ఇన్‌స్టాల్, పాత మిషన్‌లోనూ చురుగ్గా ఉంటుంది. ఫారం, పక్కన ప్రాపర్టీల పట్టిక, డబుల్ క్లిక్ చేస్తే కోడ్, అన్నీ మీకు అలవాటైనట్టే. బిగిన్, ఎండ్ రాయడం, విలువ ఇవ్వడానికి కోలన్-ఈక్వల్ పెట్టడం రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. ఫలితం ఒకే ఎక్స్ఈ ఫైలు, వేరే మిషన్‌లో ఏమీ వేయనక్కర్లేదు. మొదటి ఎక్స్ఈ ఇరవై ఎంబీ పైన వచ్చిందని కంగారుపడకండి, అందులో డీబగ్ సమాచారం ఉంటుంది. ప్రాజెక్టు ఆప్షన్లలో రిలీజ్ మోడ్ పెట్టి కట్టండి, కొన్ని ఎంబీలకి దిగుతుంది.

ప్రశ్న: హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ బాగా వచ్చు. ఎలక్ట్రాన్ బరువు అని అందరూ తిడుతున్నారు. నిజమేనా?
– ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: నిజమే. ప్రతి ప్రోగ్రాముతోపాటు ఒక క్రోమియం (క్రోమ్‌కి మూలమైన బ్రౌజర్), ఒక నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) మోసుకొస్తుంది. ఒక్క బటన్ ఉన్న ప్రోగ్రాము కూడా వంద ఎంబీ దాటుతుంది. అయినా మీకున్న విద్యతో మీరు వారంలో పనికొచ్చేది చేయగలరు, వీఎస్ కోడ్ కూడా దానిమీదే నడుస్తోంది. నోడ్ ఇంటిగ్రేషన్ ఆన్ చేయమని చెప్పే పాత పాఠాలు మాత్రం పక్కన పెట్టండి. అలా చేస్తే పేజీలోకి చొరబడిన ఏ స్క్రిప్టైనా యూజర్ ఫైళ్లు ముట్టుకోగలదు. ప్రీలోడ్ స్క్రిప్టు ద్వారా కావలసిన ఫంక్షన్లు మాత్రమే బయటపెట్టండి. ఇదే పని చేసే టౌరీ తేలిక, సిస్టమ్‌లో ముందే ఉన్న వెబ్‌వ్యూనే (పేజీలు చూపే భాగం) వాడుకుంటుంది, కానీ రస్ట్ కంపైలర్ వేసుకోవాలి, లోతుకి వెళితే రస్ట్ రాయాలి కూడా.

ప్రశ్న: కాలేజీలో జావా. విండోలున్న ప్రోగ్రాముకి స్వింగా, జావాఎఫ్ఎక్సా?
– హోసకోటె

జవాబు: సిలబస్‌లో ఏది ఉంటే అది. మీ ఇష్టమే అయితే, స్వింగ్ జేడీకేలోనే (జావా డెవలప్‌మెంట్ కిట్) ఉంది, ఏమీ కలపక్కర్లేదు. జావాఎఫ్ఎక్స్‌ని 2018లో జేడీకే 11 నుంచి విడదీశారు. పాత పాఠం చూసి రాస్తే "జావాఎఫ్ఎక్స్ రన్‌టైమ్ కాంపొనెంట్స్ ఆర్ మిస్సింగ్" అని ఆగిపోయేది అందుకే. మావెన్ లేదా గ్రేడిల్‌తో దాన్ని డిపెండెన్సీగా తెచ్చుకోండి. రూపం దానిదే బాగుంటుంది.

ప్రశ్న: నా పైథాన్ ప్రోగ్రాముని పైఇన్‌స్టాలర్‌తో ఎక్స్ఈ చేశాను. నా మిషన్‌లో నడుస్తోంది. స్నేహితుడికి పంపితే యాంటీవైరస్ తినేసింది. ఇంకొకరి దగ్గర తెరుచుకుంది గానీ బొమ్మలు లేవు, పైగా దాచిన డేటా రెండోసారి తెరిస్తే ఉండట్లేదు. మా మావయ్య క్లినిక్‌లోని విండోస్ 7 మిషన్‌లో అసలు తెరుచుకోలేదు.
– బీసీఏ విద్యార్థి, మల్లేశ్వరం

జవాబు: నాలుగు జబ్బులకి కారణాలు వేరు. వన్‌ఫైల్ అన్న ఆప్షన్‌తో కట్టిన ఎక్స్ఈ తెరిచిన ప్రతిసారీ తన లోపలివన్నీ ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది, మూయగానే ఆ ఫోల్డర్ చెరిపేస్తుంది. మీ డేటాబేస్ ఆ ఫోల్డర్‌లోనే పుట్టి అక్కడే పోతోంది. దాన్ని యాప్‌డేటాకి మార్చండి. బొమ్మలు లేకపోవడానికి కారణం వాటిని కట్టలో చేర్చకపోవడం. యాడ్-డేటా ఆప్షన్‌తో ఆ ఫోల్డర్‌ని చెప్పాలి, కోడ్‌లో బొమ్మ దారిని ప్రస్తుత ఫోల్డర్ నుంచి కాకుండా ఆ పైథాన్ ఫైలు ఉన్న చోటు నుంచి లెక్కకట్టాలి.

విప్పుకుని నడిచే ఈ పద్ధతి వైరస్‌లు కూడా వాడతాయి, పైఇన్‌స్టాలర్ ముందు భాగం అందరి ఎక్స్ఈలలోనూ ఒకటే. అందుకే యాంటీవైరస్‌కి అనుమానం. వన్‌డిర్‌తో ఫోల్డర్‌గా కట్టి, యూపీఎక్స్ కుదింపు ఆపేసి, ఆ ఫోల్డర్‌ని ఇన్నో సెటప్‌తో ఇన్‌స్టాలర్‌గా చేయండి. అనుమానం చాలా తగ్గుతుంది, తెరుచుకోవడం కూడా వేగమవుతుంది. సంతకం లేని ఎక్స్ఈకి విండోస్ స్మార్ట్‌స్క్రీన్ హెచ్చరిక ఎలాగూ వస్తుంది, దానికి కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కొనాలి. కాలేజీ ప్రాజెక్టుకి అంత ఖర్చు దండగ. మొదటిసారి విండోడ్ ఆప్షన్ లేకుండా, నల్ల తెర కనిపించేలా కట్టి చూడండి. ఎర్రర్ ఏమిటో అక్కడ కనిపిస్తుంది. అంతా బాగున్నాకే నల్ల తెర తీసెయ్యండి.

క్లినిక్ మిషన్ సంగతి: పైథాన్ 3.9 నుంచి విండోస్ 7లో నడవదు, 3.8 ఆఖరిది. క్యూటీ 6కి కనీసం విండోస్ 10 కావాలి. కాబట్టి 3.8తో, టికింటర్ లేదా పైక్యూటీ 5 వాడి మళ్లీ కట్టాలి. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ తెరిచి అది 32 బిట్టా 64 బిట్టా చూడండి. 32 అయితే 32 బిట్ పైథాన్‌తోనే కట్టాలి, 64 బిట్ ఎక్స్ఈ అక్కడ తెరుచుకోదు. విండోస్ ఎక్స్ఈని ఉబుంటులో కట్టడం కుదరదు, పైఇన్‌స్టాలర్ ఏ సిస్టమ్‌లో నడిస్తే దానికే కడుతుంది. పేషెంట్ల వివరాలు దాచే ప్రోగ్రామైతే, భద్రతా అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయిన విండోస్ 7 మిషన్‌ని నెట్‌కి తగిలించి ఉంచొద్దని మావయ్యగారికి చెప్పండి.